కాలిబాట పక్క చిన్నచెట్లు: నరికే ముందు వేరు చూడాలి

చెట్లున్న స్థలంలో కాలిబాట తీసిన రెండు మూడేళ్లకే దాని అంచులు చిన్నచెట్లతో కమ్ముకుపోతాయి. ఏటా ఒకసారి కత్తి పట్టి నరకడం, మరుసటి ఏడు అవి అంతకంటే దట్టంగా లేవడం చాలాచోట్ల ఆనవాయితీ అయిపోయింది. నరికేవాళ్లకు శ్రద్ధ లేక ఇలా జరగడం లేదు. కంటికి కనిపించేది బొటనవేలి లావు కాండం. దాని కింద ఉన్న వేరు వయసు పదేళ్లు కావచ్చు. కత్తి కాండాన్ని తీసేస్తుంది, వేరులో దాచిన పిండిపదార్థం మాత్రం చెక్కుచెదరదు. ఆ నిల్వతోనే ఒక కాండం పోయినచోట ఐదారు పిలకలు లేస్తాయి. ఏటా ఒకే ఒక్కసారి కొట్టే బాటల పక్కన కొన్నేళ్లకు మిగిలేవి పెద్ద వేర్లు, వాటి మీద గుబురుగా పిలకలు. కాబట్టి ఏ పనిముట్టు తీసుకెళ్లాలన్న ఆలోచనకు ముందే ఈ మొక్క కింద ఎలాంటి వేరుందో తెలుసుకోవాలి.

బాట అంచునే ఇంత ఒత్తుగా ఎందుకు మొలుస్తాయన్నదానికి జవాబు వెలుతురు. దారి కోసం నాలుగు చెట్లు తీయగానే పైనున్న కొమ్మల గొడుగు చిరుగుతుంది, ఎండ నేలను తాకుతుంది. పార తగిలి కదిలిన మట్టి గింజకు మెత్తని పడక అవుతుంది. అంచు కొమ్మల మీద వాలే పక్షులు గింజలు రాలుస్తాయి. ఈ మూడింటిలో మన చేతిలో ఎక్కువగా ఉన్నది మొదటిదే. దాని సంగతి చివర్లో వివరంగా చూద్దాం. ఈ పనిలో నిలిచే ఫలితం వచ్చేది అక్కడి నుంచే.

వేరు చెప్పే సంగతి

మొక్క మొదట్లో ఆకుచెత్త పక్కకు జరిపి, చిన్న గునపంతో 10 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీస్తే చాలు. గింజ నుంచి వచ్చిన మొక్కకైతే తల్లివేరు నిటారుగా కిందికి దిగి ఉంటుంది, కాండం కంటే పెద్ద లావు ఉండదు. పాత మోడు నుంచి వచ్చిన పిలకైతే మొదలు ముడిలా ఉబ్బి, దాని మీద పాత కోతల మచ్చలు కనిపిస్తాయి. ఒకే ముడి నుంచి నాలుగైదు కాండాలు లేచి ఉంటాయి. మూడో రకం వేరు పిలక. దానికి సొంత తల్లివేరు ఉండదు. అడ్డంగా పాకిన లావాటి వేరు మీద నిలబడి ఉంటుంది, ఆ వేరు వెంట పోతే మీటర్ల దూరంలో తల్లిచెట్టు తగులుతుంది. చల్లని దేశాల్లో పెరిగే రొబీనియా, ఐలాంథస్, ఆస్పెన్ చెట్లు, మన ఆకాశమల్లి, మోదుగ వంటివి ఇలా వేరు పిలకలు వేస్తాయి. ఈ గుణం ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలోని యూటాలో ఉన్న పాండో అనే ఆస్పెన్ గుంపు చాలు. దాదాపు 43 హెక్టార్లలో వేలాది చెట్లుగా కనిపించేదంతా ఒకే వేరు వ్యవస్థ.

ఇంకా ఒక రకం ఉంది, పనివాడికి అన్నిటికంటే సులువైనది అదే. పైన్ వంటి సూదాకుల చెట్లు (కోనిఫర్లు) చాలావరకు అట్టడుగు పచ్చకొమ్మకు కింద కోస్తే మళ్లీ లేవవు. అయితే ఒక్క పచ్చకొమ్మ మిగిలినా అదే పైకి వంగి కొత్త కాండమైపోతుంది. అందుకని మోకాలి ఎత్తులో కోసి ఊరుకోకూడదు, నేల దగ్గరికి కోయాలి. కోస్ట్ రెడ్‌వుడ్, పిచ్ పైన్ వంటివి ఈ సూత్రానికి మినహాయింపు, అవి మోడు నుంచి చిగురిస్తాయి. సరుగుడు మోడు కూడా పెద్దగా చిగురించదు. టేకు, సుబాబుల్, సర్కారు తుమ్మ, చాలా యూకలిప్టస్ జాతులు దీనికి పూర్తిగా ఎదురు. కొట్టిన ప్రతిసారీ మరింత బలంగా లేస్తాయి.

పీకడం

గింజ మొలకలకు పీకడాన్ని మించిన పద్ధతి లేదు. పెన్సిల్ లావు వరకు చేత్తోనే వస్తాయి. అంతకు మించి 4, 5 సెంటీమీటర్ల వరకు ఉన్నవాటికి లీవర్ పనిముట్టు వాడాలి. దాని దవడ కాండం మొదలును కరిచి పట్టుకుంటుంది, పొడవాటి పిడిని వెనక్కి నొక్కితే మొక్క వేరుతో సహా పైకి లేస్తుంది. వాన పడి నేల లోపలికంటా నానిన రెండు మూడు రోజుల్లో ఈ పని సగం శ్రమతో అయిపోతుంది. ఎండిన గట్టినేలలో బలవంతం చేస్తే కాండం వేరు కలిసేచోట తెగుతుంది. నిద్రలో ఉండే మొగ్గలన్నీ ఆ కలయిక చుట్టూనే ఉంటాయి కాబట్టి, పీకేశామనుకున్న మొక్క మోడు పిలకగా మారి తిరిగొస్తుంది. ఒక్క ఉదుటున లాగడం కూడా ఇదే చేస్తుంది. నెమ్మదిగా, ఒకే బలంతో లాగుతూ, కదలకపోతే ఆపి పక్కనుంచి గడ్డపార దింపి మట్టి వదులు చేయాలి.

సర్కారు తుమ్మకు మొగ్గలుండే భాగం నేల లోపలికి కూడా దిగి ఉంటుంది. దాన్ని పూర్తిగా పీకలేనప్పుడు కనీసం 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతున వేరును నరికి, పైభాగం మొత్తం బయటికి తీయాలి. నేలమట్టానికి కోస్తే ఆ చెట్టుకు ఏమీ కాదు.

పీకిన గుంటను అలాగే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. కదిలిన మట్టి కొత్త గింజలను పిలుస్తుంది. మట్టిని వెనక్కి నెట్టి కాలితో తొక్కి, పైన ఆకుచెత్త దట్టంగా పరచాలి. పీకిన మొక్కను తడినేల మీద పడేస్తే కొన్ని మళ్లీ వేళ్లూనుకుంటాయి. వేర్లు గాలిలో ఉండేలా పక్కచెట్టు కొమ్మల మధ్య తగిలిస్తే వారంలో ఎండిపోతాయి.

కోత: ఎత్తు, కోణం, సమయం

కత్తితో ఏటవాలుగా వేటు వేస్తే మిగిలేది ఈటె మొనలాంటి మోడు. ఆకులు రాలి దాన్ని కప్పేశాక అది పాదాలకు, జంతువుల గిట్టలకు, సైకిల్ టైర్లకు ఉచ్చు అవుతుంది. జారిపడినవాళ్ల మీద దాని ప్రభావం ఇంకా దారుణం. బాట పక్కన ఏ కోతైనా బల్లపరుపుగా, నేలకు ఆనుకుని ఉండాలి. దీనికి రెండంచెల కోత మంచిది: ముందు నడుము ఎత్తులో కోసి పైభాగం తప్పించాలి, తర్వాత మొదట్లో మట్టీ రాళ్లూ పక్కకు జరిపి రంపంతో నేలమట్టంగా కోయాలి. మట్టి తొలగించకపోతే రంపం పళ్లు నాలుగు మోళ్లకే మొద్దుబారతాయి.

పొడుగు పిడుల కత్తెర 3, 4 సెంటీమీటర్ల వరకు తేలిగ్గా కోస్తుంది. అంతకు మించితే మడత రంపం, 10 సెంటీమీటర్లు దాటితే విల్లు రంపమో చైన్‌సానో వాడాలి. బ్రష్ కట్టర్‌కు (పొడవాటి గొట్టం చివర తిరిగే బ్లేడుతో పొదలు కోసే యంత్రానికి) బిగించే నైలాన్ దారం గడ్డికి మాత్రమే పనికొస్తుంది, చిన్నచెట్ల మీద బెరడు చీరి వదిలేస్తుంది. మూడు పళ్ల బ్లేడు 2 సెంటీమీటర్ల వరకు, గుండ్రటి రంపపు బ్లేడు మరి కాస్త లావు వరకు సరిపోతాయి. బ్లేడును గడియారం ముఖంగా ఊహించుకుంటే 12 నుంచి 3 వరకు ఉన్న భాగం కాండానికి తగిలితే యంత్రం ఒక్కసారిగా ఎదురుతన్నుతుంది. ఎడమవైపు భాగంతో కోయడం అలవాటు చేసుకోవాలి. చుట్టూ 15 మీటర్లలో ఇంకెవరూ ఉండకూడదు. బాట మీద ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు కాబట్టి రెండు చివర్లా హెచ్చరిక పెట్టి పని మొదలెట్టాలి. పెద్ద కొమ్మ పడి విల్లులా వంగిన చిన్నచెట్టు ఉంటే దాన్ని ఒక్క వేటుతో తెంపకూడదు. వంపు లోపలివైపు కొద్దికొద్దిగా చెక్కుతూ బిగువు తగ్గించి, అప్పుడు కోయాలి. తెగిన మరుక్షణం మొహం మీదికి లేచే శక్తి దానికి ఉంటుంది.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది సమయం. ఆకులు రాలిన కాలంలో చూపు బాగా ఆనుతుంది, ఉక్కపోత ఉండదు, అందుకే అందరూ అప్పుడే కోస్తారు. చెట్టు తన సంపాదన అంతా వేరులో దాచుకుని కూర్చునే కాలం కూడా అదే. అప్పుడు కోస్తే నిండు నిల్వతో పిలకలు లేస్తాయి. కొత్త చిగురు విప్పుకుని ఆకులు పూర్తి సైజుకు వచ్చిన తరుణంలో వేరు నిల్వ అట్టడుగున ఉంటుంది: ఖర్చు పెట్టేసింది, తిరిగి రాబడి ఇంకా మొదలవలేదు. మందు వాడకుండా కోతతోనే చంపాలంటే మొదటి కోత అప్పుడు పడాలి. తర్వాత వచ్చే పిలకలను మోకాలి ఎత్తుకు రాకముందే మళ్లీ తీసేయాలి. పెరిగే కాలంలో రెండు మూడు కోతల చొప్పున రెండు మూడేళ్లు పడుతుంది. ఒక్క కోత తప్పినా పిలకలు వేరుకు అప్పు తీర్చేస్తాయి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

పిలకలు లేతగా ఉన్న మొదటి నెలలో కత్తెర కంటే చేయి మేలు. బొటనవేలితో కిందికి నొక్కి మోడు నుంచి చీల్చేస్తే పిలక మొదట్లో ఉన్న చిన్న మొగ్గలు కూడా దానితో పోతాయి. కత్తెరతో కోస్తే ఆ మొగ్గలు మిగిలి ఒకటికి మూడు లేస్తాయి.

మందు వాడాల్సి వస్తే

పదుల సంఖ్యలో మోళ్లున్నప్పుడు, ఏటా మూడుసార్లు తిరగడానికి మనుషులు లేనప్పుడు కలుపుమందు తప్పదు. వాడే మందుకు ఆ దేశంలో ఆ పనికి అనుమతి ఉందో లేదో చూసి, లేబుల్ మీది మోతాదునే పాటించాలి. బాట పక్కన ఆకుల మీద పిచికారీ చేయడం కంటే మోడుకు పూయడం ఎంతో మెరుగు. తుంపర గాలికి కొట్టుకుపోదు, మందు తక్కువ పడుతుంది, పక్క మొక్క క్షేమంగా ఉంటుంది.

గ్లైఫోసేట్ 41 శాతం ద్రావణాన్ని మోళ్లకు సాధారణంగా సగానికి సగం నీళ్లు కలిపి గానీ, నేరుగా గానీ కుంచెతోనో స్పాంజి మూత సీసాతోనో పూస్తారు. మోడు ముఖమంతా తడపనక్కర్లేదు. నడిమి చేవ చచ్చిన కలప, దానికి మందు పూసినా వృథా. బెరడుకు వెంటనే లోపల ఉండే పలచని జీవపొర, దాన్ని ఆనుకున్న లేత కలప ఉంగరమే మందును వేరుకు మోసుకెళ్తుంది. కోసిన ఐదు నిమిషాల్లో పూయాలి. ఆలస్యమైతే కోత ముఖం ఆరి నాళాలు మూసుకుపోతాయి, మందు పైనే ఉండిపోతుంది. కోతలన్నీ ముగించి చివర్లో మందు పట్టుకుని రావడం ఈ పనిలో ఎక్కువగా కనిపించే వైఫల్యం. ఇద్దరుండి, ఒకరు కోస్తుంటే వెనకే రెండోవారు పూస్తూ రావడం సరైన పద్ధతి. మందులో రంగు కలిపితే ఏ మోడు వదిలేశారో ఇట్టే తెలుస్తుంది. చిగురు వేసే కాలంలో రసం పైకి ఉబికి మందును బయటికి తోసేస్తుంది కాబట్టి నీళ్లలో కలిపే ఇలాంటి మందులు అప్పుడు సరిగా పనిచేయవు. ఆకులు ముదిరి వేరుకు ఆహారం పంపే కాలం వీటికి అనువైనది. మందు లేని కోతకు అనువైన కాలమూ, మందుతో కోతకు అనువైన కాలమూ వేర్వేరని గమనించాలి.

నూనెలో కలిసే ట్రైక్లోపిర్ ఎస్టర్‌ది మరో దారి. కోయకుండానే, నిలబడ్డ కాండం మొదలు నుంచి 30, 45 సెంటీమీటర్ల ఎత్తు వరకు చుట్టూ బెరడుకు పట్టిస్తారు. బెరడు నునుపుగా ఉండి, కాండం 15 సెంటీమీటర్ల లోపు ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. బెరడు తడిగా ఉంటే పనిచేయదు.

వేరు పిలకలు వేసే చెట్లకు ఇలా నిలబడి ఉండగానే చేసే పద్ధతులే శరణ్యం. కాండం నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ వేరు మీది మొగ్గలను అణచి ఉంచుతుంది. కాండాన్ని నరకగానే ఆ అణచివేత తొలగిపోతుంది, పైగా నేల మీద ఎండ పడి వేరు వేడెక్కుతుంది. చుట్టూ మీటర్ల మేర పిలకలు లేస్తాయి. ఐలాంథస్‌ను ముందు నరికితే ఒక చెట్టు తోపుగా మారుతుంది. వేసవి మధ్య నుంచి చివరిలోగా నిలబడ్డ చెట్టుకే మందు ఎక్కించి, కనీసం 30 రోజులు ఆగి, వేరు చచ్చాక కోయాలి. లావు కాండాలకు చిన్న గొడ్డలితో కిందికి వాలుగా గాట్లు పెట్టి ఒక్కో గాటులో సుమారు 1 మిల్లీలీటరు మందు వేస్తారు. గాట్ల మధ్య బెరడు మిగలాలి. చుట్టూ తెగిపోతే మందు వేరుకు దిగే దారే మూసుకుపోతుంది.

మందు వద్దనుకునేవారికి రొబీనియా మీద యూరప్‌లో వాడే పాక్షిక వలయ కోత ఉంది. బెరడును చుట్టూ పట్టీలా తీసి, పదో వంతు వెడల్పు మాత్రం వంతెనలా ఉంచుతారు. వేరుకు ఆహారం సన్నగిల్లుతుంది గానీ చెట్టు ఒక్కసారిగా కలవరపడి పిలకలు వేయదు. మరుసటి ఏడు ఆ వంతెన కూడా తీసేస్తారు. ఇలా నిలువునా ఎండే చెట్టు బాట మీదికి వాలే దూరంలో ఉండకూడదన్నది మాత్రం మరవరాదు.

ఇమజాపిర్, పిక్లోరామ్ వంటి కలుపుమందులు మట్టిలో నిలిచి పక్కచెట్ల వేర్లలోకి పోతాయి. నీడ ఇచ్చే పెద్దచెట్ల మధ్య వాటికి చోటు లేదు. ఒకే జాతి చెట్ల వేర్లు నేలలో అతుక్కుని ఉంటే గ్లైఫోసేట్ కూడా మోడు నుంచి పక్కచెట్టుకు దాటవచ్చు. అలాంటిచోట మందు మానేసి కోతనే నమ్ముకోవాలి. గ్లైఫోసేట్ మొక్కకు బాగా అంటుకునేలా అందులో కలిపే కొన్ని ద్రవాలు కప్పలకు ప్రమాదకరం కాబట్టి వాగుల పక్కన నీటి ఒడ్డుకు అనుమతించిన రకమే వాడాలి.

వాలు మీద బాట

కొండవాలులో పోయే బాటకు రెండు అంచులూ ఒకటి కావు. ఎగువ అంచు గుబురుగా పెరిగితే నడిచేవాళ్లు తెలియకుండానే దిగువ అంచుకు జరుగుతారు. అక్కడ మట్టి జారుతుంది, ఏటా బాట కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. అందుకే ఎగువ వైపు వెడల్పుగా తీయాలి. దిగువ అంచులో పీకడం పనికిరాదు, ఆ వేర్లే బాటను పట్టి ఉంచుతున్నాయి. అక్కడ కోసి, ఆ చోటు గడ్డీ పొదా పట్టేవరకు వేరును మట్టిలోనే వదిలేయాలి.

నడక బాటకు 2.4 మీటర్ల ఎత్తు, గుర్రాలు పోయే బాటకు 3 మీటర్ల ఎత్తు అడ్డులేకుండా ఉండాలి. కొమ్మలు వాన నీటి బరువుకు కిందికి వాలతాయి, కాబట్టి పొడి రోజున సరిగ్గా సరిపోయిన ఎత్తు తడి రోజున తగ్గిపోతుంది.

వెలుతురును మూయడం

నరికిన ప్రతి చిన్నచెట్టు కొంత ఎండను కిందికి వదులుతుంది. అంచుల్లో దొరికినవన్నీ తీసేస్తే వచ్చే ఏడాది పంటకు మనమే దుక్కి దున్నినట్టు. బాట అంచుకు ఒకటిన్నర మీటర్లు అవతల, నిటారుగా పెరుగుతున్న మంచి జాతి చిన్నచెట్లను నాలుగైదు మీటర్లకు ఒకటి చొప్పున వదిలేయాలి. రేపటి నీడ అవే. పని మొదలెట్టకముందే, ఆకులున్న కాలంలో, ఉంచాల్సినవాటికి రిబ్బన్ కట్టాలి. ఆకుల్లేనప్పుడు అనుభవజ్ఞులు కూడా జాతిని పొరబడతారు.

ఎత్తు పెరగని దట్టమైన పొదలు, ఫెర్న్‌లు, గడ్డి అంచుల్లో ఉంటే వాటిని కాపాడుకోవాలి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో విద్యుత్ తీగల కింది నేల మీద 1953లో మొదలైన దీర్ఘకాలిక పరిశీలన ఈ విషయాన్ని బలంగా చూపింది. చెట్లను మాత్రమే ఏరి తీసి పొట్టి మొక్కలను ఉంచినచోట, ఆ మొక్కల అల్లిక కొత్త చెట్లు మొలవడాన్ని అడ్డుకుంది. బాట అంచుకూ ఇదే న్యాయం. అంతా కలిపి నున్నగా కొట్టే యంత్రం చూడ్డానికి శుభ్రంగా పని చేసినట్టుంటుంది గానీ, మనకు సాయపడే పొదలను కూడా అదే ఊపులో తీసేస్తుంది. సుబాబుల్ గింజలు మట్టిలో పదేళ్లకు పైగా బతికి ఉండగలవు, కాబట్టి అది ఒకసారి కాయ రాల్చినచోట నేలను కప్పి ఉంచడం మరీ ముఖ్యం. అలాంటి చెట్లను పూతకు ముందే తీయాలి.

కోసిన కొమ్మలను లోపలికి ఈడ్చి, తెగిన మొదళ్లు బాటకు ఎదురు దిక్కుకు ఉండేలా, మోకాలి ఎత్తు దాటకుండా పరచాలి. నీళ్లు పోయే కాలువల్లో వేస్తే మొదటి వానకే నీరు బాట మీదికి తిరుగుతుంది. ముళ్ల కొమ్మల ముక్కలు దారిలో మిగలకుండా చివర్లో ఒకసారి ఊడ్చాలి. నల్లజీడి వంటి వాటి రసం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, వాటిని కోసేటప్పుడు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. అలాంటి కొమ్మలను కాల్చకూడదు.

మోడు చచ్చిందా లేదా అన్నది పైకి పిలక లేనంత మాత్రాన తేలదు. కొన్ని ఏడాదంతా ఊరుకుని మరుసటి ఏడు లేస్తాయి. పక్కన మట్టి తీసి వేలంత లావు వేరు బెరడును గోటితో గీరి చూడాలి. లోపల తెల్లగానో పచ్చగానో తడి కనిపిస్తే వేరు బతికే ఉంది, వచ్చే చిగురు కాలానికి కత్తెర సిద్ధం చేసుకోవాలి. గోధుమరంగులో పొడిగా పొరలు పొరలుగా ఊడి వస్తే ఇక ఆ మోడు దగ్గరికి పోనక్కర్లేదు.